చిన్నాన్నని ఒడియాలో ఏమంటారు?

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో కోర్టు దగ్గర నాకో చిన్న డీటీపీ షాపుంది. జెరాక్స్, లామినేషన్, అఫిడవిట్లు, దరఖాస్తులు, తెలుగు కాయితాన్ని ఒడియాలోకి ఒడియా కాయితాన్ని తెలుగులోకి మార్చి టైప్ చేసివ్వడం, ఇదీ నా బతుకు. చదువంతా ఒడియా మీడియమే, తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ నేర్పింది, మిగతాది సినిమా పోస్టర్లు నేర్పాయి. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే కాబట్టి కస్టమర్లలో సగం మంది అటువైపు వాళ్లే, ఇటు భూములుండి అటు కాపురం ఉండేవాళ్లు, లేదా ఉల్టా.

రెండేళ్ల కిందట ఒక పెద్దాయన వచ్చాడు. చిన్నప్పుడే తండ్రి పోతే చిన్నాన్న పెంచాడట, ఆ సంగతి అఫిడవిట్లో పెట్టాలి. తెలుగులో రాసిన కాయితం తెచ్చాడు, నేను చకచకా ఒడియాలో కొట్టేసా, చిన్నాన్న ఉన్న ప్రతిచోటా "కకా" అని పెట్టా. ఆయన సంతకం పెట్టాడు, నోటరీ స్టాంపు వేయించుకున్నాడు, వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత తిరిగొచ్చి షాపు ముందు నిలబడి "ఏటి బాబూ, ఇలగ రాసీసినావు" అన్నాడు. ఆఫీసులో ఫైలు ఆపేసారట. కకా అంటే ఒడియాలో తండ్రి తమ్ముడు, మరి వంశావళిలో తాతకి ఒక్కడే కొడుకని ఉంది, ఈ కకా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడని అడిగారట. వాళ్లడిగింది కరెక్టే. ఎందుకంటే ఆ చిన్నాన్న తండ్రి తమ్ముడు కాదు, అమ్మ చెల్లెలి మొగుడు! ఒడియాలో ఆయన "మవుసా". నేను అడగలేదు. అడగాలని తట్టలేదు కూడా, తెలుగులో చిన్నాన్న అంటే చిన్నాన్నే కదా, అందులో ఇద్దరు మనుషులున్నారని తెలుగువాడికి ఎందుకు గుర్తొస్తుంది.

చట్టం దగ్గర ఇది చిన్న తేడా కాదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో రెండో తరగతి వారసుల్లో తండ్రి సోదరుడు ఏడో అంతస్తులో ఉంటాడు, తల్లి సోదరి తొమ్మిదిలో ఉంటుంది, ఆవిడ మొగుడు మాత్రం ఆ లిస్టులో ఎక్కడా లేడు. అంటే నేను ఒక్క మాట తప్పు కొట్టి, వారసుడే కాని మనిషికి ఏకంగా వారసత్వం కట్టబెట్టానన్నమాట. పెద్దాయనకి బస్సు చార్జీలు పోయాయి, రెండోసారి స్టాంపు పేపర్ డబ్బులు పోయాయి, అవి నేనే ఇచ్చా, కానీ ఆ మూడు వారాలు ఎవడిస్తాడు.

అప్పట్నుంచి నాకో పురుగు పట్టింది. అర్థానికి అసలు ముక్క ఏది? అంటే బియ్యాన్ని కొలవడానికి కిలో ఉన్నట్టు, బట్టకి మీటర్ ఉన్నట్టు, అర్థానికి యూనిట్ ఏంటి? పదమే అనుకుంటాం అందరం, డిక్షనరీ కూడా మనకి అదే అలవాటు చేసింది, ఒక పదం, పక్కన అర్థం. కానీ చిన్నాన్న ఒక పదమే కదా, మరి ఒడియాలో రెండు ముక్కలెందుకయ్యాడు?

చదవడం మొదలుపెడితే ఈ గొడవ నాకంటే ముందు చాలామందిదని తెలిసింది. అర్థాల చదువుకి సెమాంటిక్స్ అన్న పేరు పెట్టింది మిషెల్ బ్రేయాల్ అనే ఫ్రెంచాయన, 1883లో. అంతకు పన్నెండేళ్ల ముందే, 1871లో, లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా లాయరు ప్రపంచంలోని చుట్టరికాల పేర్లన్నీ పోగేసి ఒక లావు పుస్తకం వేసాడు, అందులో తమిళం తెలుగు కూడా ఉన్నాయి. చుట్టరికాల పేర్లని ఫ్యాక్టరీలో పార్టులు విప్పినట్టు విప్పి చూడొచ్చని చూపించింది మాత్రం 1956లో లౌన్స్‌బరీ, గుడినఫ్ అనే ఇద్దరు. ఒకాయన పానీ అనే అమెరికా ఆదివాసుల భాష మీద చేసాడు, ఇంకొకాయన పసిఫిక్‌లో ట్రుక్ దీవుల భాష మీద. ఏ తరం, ఆడా మగా, పెద్దా చిన్నా, ఎవరి వైపు, ఇలాంటి చిన్న చిన్న గుర్తుల మూటే ఒక చుట్టరికం పేరు అని వాళ్ల లెక్క.

ఆ లెక్క మనింటికి వేసి చూడండి. నాన్న తమ్ముడు చిన్నాన్న, పిన్ని మొగుడూ చిన్నాన్నే. అమ్మ తమ్ముడు మామయ్య, మేనత్త మొగుడూ మామయ్యే, పెళ్లాం తండ్రీ మామయ్యే. అంటే తెలుగుకి రక్తమా పెళ్లా అన్నది పట్టదు, అమ్మవైపా నాన్నవైపా అన్నదీ పెద్దగా పట్టదు, పట్టేది ఒకటే, వీడి పిల్లలు నాకు తోబుట్టువుల వరసా లేక బావామరదళ్ల వరసా అని. ఒడియాకి ఈ ప్రశ్నే లేదు. అక్కడ అమ్మ అన్నదమ్ములు మామూ, మేనత్త మొగుడు పివుసా, పెళ్లాం తండ్రి శశుర, ముగ్గురూ ముగ్గురే. మన అత్త ఒక్కతీ అక్కడ పివుసీ, మాయిఁ, శాశూ అని మూడుగా విడిపోతుంది. గుర్తులు రెండు భాషల్లోనూ ఉన్నాయి, ఏ గుర్తుకి విలువిస్తారన్నదే వేరు.

నా తమ్ముడి పెళ్లి మా మేనమామ కూతురితోనే అయింది. కార్డు ఇవ్వడానికి నా చిన్ననాటి దోస్తు, ఒడియా వాడు, వాళ్లింటికెళ్లా. "అమ్మాయి ఎవరు?" అన్నాడు. మామూ కూతురే అన్నా, ఒడియాలోనే. వాడి చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది. వాళ్లింట్లో మామూ కూతురంటే "భవుణీ", చెల్లెలు. నేను ఎంత చెప్పినా వాడికి ఆ మాట పోదు, చెల్లెల్ని ఎలా చేసుకుంటార్రా అని మొహం. నేను "మరదలు రా బాబూ మరదలు" అంటున్నా, ఆ మాటకి వాడి భాషలో గూడే లేదు. భోజనాలకి వచ్చాడు లెండి, చివరి దాకా ఉన్నాడు, కానీ పెళ్లికూతురి మొహం వైపు సరిగ్గా చూళ్లేదని నా అనుమానం.

ఇక్కడ చాలామంది ఆగిపోయి "ఓహో, అర్థానికి యూనిట్ ఈ గుర్తులేనన్నమాట" అంటారు. 1960ల్లో చాలా ఊపుగా నడిచింది ఈ లైన్. ఫ్రాన్స్‌లో పొటియే అనే ఆయన కుర్చీ, స్టూలు, సోఫా లాంటివాటిని ఇలాగే విప్పి, కూర్చోడానికి, కాళ్లుంటాయి, వీపు ఆనుకోవచ్చు, చేతులు పెట్టుకోవచ్చు, ఒక్కో గుర్తుకి "సీమ్" అని పేరు పెట్టాడు. బానే ఉంది, మరి మనింట్లో పీట? కాళ్లున్నాయి, వీపు లేదు, ఒక్కరికే, అంటే స్టూలు. కానీ పెళ్లిలో పీటల మీద కూర్చున్నారు అన్నచోట స్టూళ్ల మీద కూర్చున్నారు అనండి చూద్దాం. గుర్తులన్నీ పోగేసినా పీట రాలేదు. ఇంకెక్కడో ఏదో మిగిలిపోయింది.

సరే, పదం కంటే చిన్న ముక్కలవైపు వెళ్దాం. దీనికి పదాంశం అంటారు మన పుస్తకాల్లో, మార్ఫీమ్. అమెరికాలో బ్లూమ్‌ఫీల్డ్ 1933లో రాసిన పుస్తకంలో ఇంకో మాట వాడాడు, ఒక్కో మార్ఫీమ్ అర్థానికి సెమీమ్ అని. పాపం ఆయనే అర్థం సంగతి భాషా చదువులో బలహీనమైన చోటని ఒప్పేసుకున్నాడు, ఉప్పు అంటే ఏంటో కెమిస్ట్రీ చెప్తుంది గానీ ప్రేమ ద్వేషం లాంటివాటికి ఎవడు చెప్తాడని. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

తెలుగు వాడికి ఈ మార్ఫీమ్ ఆట బాగా వస్తుంది, మన క్రియలు రైలు పెట్టెల్లాంటివి కాబట్టి. "చెప్పించుకోలేకపోయా" అనండి, ఒక్క ఊపిరిలో వచ్చేస్తుంది. విప్పితే చెప్పు, ఇంచు, కొను, లేక, పో, చివర భూతకాలమూ నేనూ కలిసిన ముక్క. ఆరు ముక్కలు. మా గిడుగు రామమూర్తి గారు (మా అనకూడదా, ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన మనిషే కదా, 1936లో ఊరిని ఒడిశాలో కలిపేసాక రాజమండ్రి వెళ్లిపోయారు) ఈ కొండల్లో సవరల భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వేసారు. సవరలో ఇంకా చిత్రం, దున్నపోతుని తినడం అన్నది క్రియలోకి దున్నపోతుని పొట్టి రూపంలో దూర్చేసి ఒకే మాటగా అనెయ్యొచ్చు. అలాంటి భాషకి నిఘంటువు రాయాలంటే దేన్ని ఒక ఎంట్రీగా పెట్టాలి? కరెంటు సరిగ్గా లేని రోజుల్లో, లాంతరు ముందు కూర్చుని ఆయన ఆ తలనొప్పి ఎలా పడ్డారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది, నాకైతే కాపీ పేస్టు ఉండీ చిన్నాన్నని పాడు చేసా.

కానీ మార్ఫీమూ పూర్తిగా దొరకదు. అందులో "కొను" తీసుకోండి. విడిగా ఉంటే డబ్బిచ్చి తెచ్చుకోవడం. తోక తగిలిస్తే తనకోసం. వండింది అంటే ఎవరికోసమో, వండుకుంది అంటే తన తిండి తను చూసుకుందని, ఆ ఒంటరితనం కూడా వినబడుతుంది కొన్నిసార్లు. అలాగే "పో". వెళ్లడం ఏమీ లేదు "మర్చిపోయా"లో, "అయిపోయింది"లో. ఇక "చెయ్యి చేసుకున్నాడు" అన్నామంటే చెయ్యి తెలుసు, చెయ్యడం తెలుసు, కొను తెలుసు, మూడూ తెలిసినవాడికి కూడా అది కొట్టడం అని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. మా షాపులో కొత్తగా చేరిన ఒడియా కుర్రాడు ఒక తెలుగు ఫిర్యాదు కాయితంలో "నా మీద చెయ్యి చేసుకున్నాడు" అన్నదాన్ని నా మీద చెయ్యి తయారు చేసాడు అన్నట్టు టైప్ చేసాడు, నవ్వాపుకోలేకపోయా గానీ వాడి లెక్కలో తప్పేముంది? ముక్కలన్నీ పద్ధతిగా కూడాడు. చెయ్యిచ్చాడు అంటే మోసం, చేతులెత్తేసాడు అంటే ఓటమి, చెయ్యి తిరిగినవాడు అంటే నిపుణుడు, ఇవన్నీ మొత్తంగా బుర్రలో పెట్టుకోవాల్సినవే. ఇలా గుర్తుపెట్టుకోక తప్పని దేన్నయినా లిస్టీమ్ అందామని 1987లో ఇద్దరు ప్రతిపాదించారు, డి స్యుల్లో, విలియమ్స్. అది పదమైనా, ముక్కయినా, వాక్యమంత పొడుగైనా సరే. నాకిది పని చేసేవాళ్ల మాటలా అనిపించింది. షాపులో నేను దాచుకున్న పదాల లిస్టు ఫైలు కూడా అదే కదా.

ఇంకో గట్టి వర్గం ఉంది. వాళ్లు ఇవన్నీ కాదు, ఇక విడగొట్టలేని అర్థాలు కొన్నే ఉన్నాయి, అవి అన్ని భాషల్లోనూ ఉన్నాయి, మిగతావన్నీ వాటితో కట్టుకోవచ్చు అంటారు. అన్నా వ్యెజ్‌బిట్స్కా, పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డావిడ, 1972లో పద్నాలుగింటితో మొదలుపెట్టింది, ఇప్పుడు లిస్టు అరవై అయిదు దాకా వచ్చింది. నేను, నువ్వు, మంచి, చెడ్డ, చూడు, విను, చెయ్యి, జరుగు, అను, అనుకో, ఇలాంటివి. ఈ లిస్టులో మనం లేదు, మేము లేదు. సరదాగా నేనే కట్టి చూసా. మనం అంటే నేను, నువ్వు, ఇంకొందరున్నా ఉండొచ్చు. మేము అంటే నేను, ఇంకొందరు, నువ్వు కాదు. బలే కుదిరింది, హిందీ హమ్‌కి, ఇంగ్లీషు వియ్‌కి ఈ తేడా ఎందుకు లేదో కూడా తెలిసిపోయింది.

కానీ లిస్టులో "అను" దగ్గరా "అనుకో" దగ్గరా ఆగిపోయా. వాళ్ల ప్రకారం అనడం, అనుకోవడం రెండూ వేర్వేరు పునాదిరాళ్లు, ఏదీ ఇంకోదాన్నుంచి పుట్టదు. తెలుగులో చూస్తే అనుకోవడం అంటే అను ప్లస్ కొను, తనలో తను అనడం, అతుకు కళ్లముందే ఉంది! దానికి వాళ్ల జవాబు, మాట రెండు ముక్కలైనంత మాత్రాన అర్థం రెండు ముక్కలు కానక్కర్లేదు అని. ఒప్పుకుంటా, ఇప్పుడే నేను పో గురించి చెప్పింది కూడా అదే కదా. కానీ "ఊళ్లో అందరూ అనుకుంటున్నారు" అన్నప్పుడు? జనం మనసులో ఉన్నదా, జనం నోట్లో ఉన్నదా? రెండూను, చాలాసార్లు ఏదో మనకే తెలీదు. ఒక సాక్షి వాంగ్మూలంలో ఇదే మాట వస్తే ఒడియాలో ఎలా కొట్టాలని నేను గంటసేపు పెన్ను కొరుక్కున్నా. భావిస్తున్నారు అని కొడితే సాక్షికి జనం బుర్రల్లో ఏముందో తెలుసన్నట్టు అవుద్ది, చెప్పుకుంటున్నారు అని కొడితే పుకారు అవుద్ది. చివరికి ఆవిణ్ణే అడిగా. "అదే బాబూ, అనుకుంటన్నారు" అంది. ఇంకేం చెప్తుంది పాపం.

అయినా వ్యెజ్‌బిట్స్కా పద్ధతిని కొట్టిపారెయ్యను, ఎంగిలి దగ్గర అది నాకు బాగా పనికొచ్చింది. గుర్తుల మూట పద్ధతిలో ఎంగిలి చెప్పలేం, తిండి, నోరు తగిలింది, అంతే, అదొట్టి బయాలజీ. చిన్న చిన్న మాటల్లో చెప్పండి: ఒకరు దీన్ని కొంచెం తిన్నారు, వాళ్ల నోరు దీనికి తగిలింది, ఇప్పుడు ఇంకొకరు దీన్ని తింటే మంచిది కాదని జనం అనుకుంటారు. "జనం అనుకుంటారు" అన్న ముక్క రాగానే ఎంగిలి వచ్చేసింది. ఒడియా "అఇఁఠా"కి ఇదే సరిపోతుంది, హిందీ జూఠాకీ ఇదే. మన కుటుంబం ద్రావిడం, వాళ్లది ఆర్యం, చుట్టరికాలు కుదరని భాషలు ఎంగిలి దగ్గర అచ్చంగా కలిసాయి. ఇంగ్లీషుకి ఆ మాటే లేదు. మళ్లీ పూరీ వెళ్తే జగన్నాథుడి మహాప్రసాదానికి ఎంగిలి అంటదు, ఒకే ఆకులో పదిమంది చేతులు పెట్టినా. అదే అన్నం, అదే నోరు. మారింది "జనం అనుకుంటారు" దగ్గర.

నా మాట ఇది, తప్పయితే కావొచ్చు. అర్థానికి కిలోరాయి లాంటిది ఉందని వెతకడమే మన పొరపాటు. ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూసినప్పుడు ఎక్కడ తేడా వస్తుందో అక్కడే ఒక ముక్క ఉన్నట్టు, తేడా రానంతవరకు ముక్క లేనట్టే. చిన్నాన్న పాతపట్నంలో ఒక్కడు, మా షాపు కౌంటర్ మీదికొచ్చాక ఇద్దరు. మన మీమాంసకులు, అంటే వేదవాక్యాలకి అర్థం తేల్చే పాతకాలం పండితులు, దీన్ని పసిపిల్లాడి ద్వారా చెప్పారు, "గామానయ" అంటే పెద్దవాడు ఆవుని తెచ్చాడు, "అశ్వమానయ" అంటే గుర్రాన్ని తెచ్చాడు, "గాం బధాన" అంటే ఆవుని కట్టాడు, ఇవన్నీ చూసే పిల్లాడు ఏ ముక్క ఆవో ఏ ముక్క తేవడమో పట్టుకుంటాడు. ముందు వాక్యం మొత్తంగా చెవిన పడుతుంది, ముక్కలు తర్వాత. వాళ్లలో ప్రభాకరుడి వైపు వాళ్లు అందుకే మాట అర్థం పక్క మాటలతో కలిసే వస్తుంది విడిగా రాదన్నారు, కుమారిలుడి వైపు వాళ్లు కాదు ముందు విడి అర్థాలు, తర్వాత కలయిక అన్నారు, వ్యాకరణ పండితుడు భర్తృహరి అయితే వాక్యాన్ని కొయ్యడం పిల్లలకి వ్యాకరణం చెప్పే సదుపాయం కోసమే అనేసాడు. నేను ప్రభాకరుడి పార్టీ. రోజూ రెండు భాషల మధ్య కూర్చునేవాడు ఇంకో పార్టీలో ఎలా ఉంటాడు?

చూసింది చెప్తా. మా వీధి పిల్లలు తెలుగింట్లో పుట్టి ఒడియా బడికెళ్తారు. బళ్లో "శిక్షా" అంటే చదువు, ఇంటికొస్తే శిక్ష అంటే దెబ్బలు, "ఉపన్యాస" అక్కడ నవల, ఇక్కడ మైకు ముందు స్పీచి. ఆరేళ్లకే వాళ్లు ఇందులో తికమకపడరు, ఎందుకంటే వాళ్లు మాటల్ని విడిగా నేర్చుకోలేదు. తికమకంతా బయటి ఊళ్లనుంచి వచ్చి "జిల్లా శిక్షా అధికారి" బోర్డు కింద నిలబడి ఫొటో తీసుకునే మనవాళ్లదే.

పెద్దాయన ఫైలు తర్వాత పాసైంది. మొన్న దసరాకి మళ్లీ వచ్చాడు, ఈసారి మనవడి కాయితం. నేను ఇప్పుడు చిన్నాన్న, పెదనాన్న, అత్త, మామ అన్న మాట కనబడితే చాలు, పోలీసోడిలా ఆరా తీస్తున్నా, ఎవరి వైపు, ఎవరి అన్న, ఎవరి మొగుడు అని, కొందరు కస్టమర్లకి ఒళ్లు మండుతోంది కూడా, ఇంటి గుట్టు నీకెందుకని. ఆ ఫారంలో "సంపర్క" అని ఒక కాలమ్ ఉంటుంది, ఒడియాలో సంబంధం అని అర్థం (తెలుగులో ఆ మాట వేరే దారి పట్టింది, అందుకే కొత్త కస్టమర్లకి నేను దాన్ని గట్టిగా చదివి వినిపించను). ఆ కాలమ్ వెడల్పు ఒక్క మాటకే సరిపోతుంది. అందులో "మవుసా" అని కొట్టి, తెలుగు కాపీలో బ్రాకెట్ పెట్టి "అమ్మ చెల్లెలి భర్త" అని ఎనిమిది పాయింట్ల అక్షరాల్లో ఇరికించా. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని కాయితాన్ని దగ్గరకీ దూరంగానూ పెట్టి చూసి, "మా చిన్నాన్నే కదా?" అన్నాడు.

అవునన్నా.